ఫోన్ కింద పెట్టలేని టీనేజర్‌కు సాయపడటం ఎలా: చిట్టా రాయడం దగ్గర్నుంచి చార్జర్ చోటు మార్చడం దాకా

"రోజుకు ఎన్ని గంటలు ఇవ్వొచ్చు?" తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. జవాబు చెప్పినా పెద్దగా పనికిరాదు. మూడు గంటలు గేమ్ ఆడి, పిలవగానే లేచొచ్చే పిల్లలున్నారు. నలభై నిమిషాలు రీల్స్ చూసి, ఫోన్ ఇవ్వమంటే తలుపేసుకుని ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. గడియారం పెట్టుకుని చూస్తే మొదటి ఇంట్లోనే సమస్య ఉన్నట్టుంటుంది. సాయం కావాల్సింది రెండో ఇంటికి.

అందుకే ఈ పద్ధతిలో గంటల కన్నా ముందు ఇంకో విషయం కనుక్కుంటాం. చెయ్యి ఫోన్ మీదకు వెళ్ళే ముందు నిమిషంలో ఆ పిల్ల మనసులో, ఆ పిల్లవాడి మనసులో ఏముంది? అది తెలిసేదాకా ఏదీ లాక్కోవద్దు, ఏదీ తగ్గించొద్దు. మొత్తం పనికి ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు చిట్టా (ఫోన్ ఎప్పుడు, ఏం జరిగాక తీశారో రాసుకోవడం), తర్వాతి రెండు వారాలు మనసును సంభాళించుకునే సాధన, మిగతా నాలుగు వారాలు తగ్గింపు. ఈ వరస మారిస్తే పని చెడుతుంది.

## 1. ముందు తేల్చుకోండి: ఎక్కువ వాడకమా, ఆపలేని వాడకమా

గత మూడు నెలలు గుర్తు తెచ్చుకుని టిక్ పెట్టండి.

☐ ఆపాలని తనే అనుకుని, ఆపలేకపోయిన రోజులు చాలా ఉన్నాయి
☐ ఫోన్ చేతిలో లేనప్పుడు కూడా ధ్యాసంతా అక్కడే
☐ నెట్ లేకపోతే పట్టలేనంత చిరాకు, గాబరా, లేదా దిగులు
☐ మనసు బాగోలేనప్పుడల్లా మొదట వెతుక్కునేది ఫోనే
☐ నిద్ర, చదువు, స్నేహితులు, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనులు వెనక్కి పోయాయి
☐ ఎంతసేపు వాడిందీ దాస్తున్నారు, అబద్ధం చెబుతున్నారు
☐ నష్టం జరుగుతోందని తెలిసీ ఆగడం లేదు

ఒకటి రెండు టిక్కులే పడితే మీకు ఈ తతంగమంతా అక్కర్లేదు. 8వ మెట్టులోని నిద్ర నియమం ఒక్కటి పెట్టుకుంటే చాలు. మూడు గానీ అంతకు మించి గానీ పడితే మొదటి నుంచీ రండి. ఇది రోగ నిర్ధారణ కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి నేను వాడే లెక్క.

నిర్ధారణ సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. ఆటపై అదుపు తప్పడం, మిగతా అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం, వీటివల్ల రోజువారీ జీవితం గట్టిగా దెబ్బతినడం చూస్తారు. మామూలుగా ఇదంతా 12 నెలల పాటు సాగి ఉండాలి. ఇన్ని గంటలు దాటితే జబ్బు అనే లెక్క అందులో ఎక్కడా లేదు. రీల్స్‌కీ చాటింగ్‌కీ విడిగా పేరు కూడా లేదు. కాబట్టి పిల్లల ముందు 'అడిక్ట్' అనే మాట వాడొద్దు. ఆ మాట అంటించుకున్నాక "నేనింతే" అనుకోవడం చాలా తేలిక.

ఇక్కడే ఆగాల్సిన సందర్భాలు: చచ్చిపోవాలని ఉందనడం, తనకు తాను గాయాలు చేసుకోవడం, రోజుల తరబడి తిండి మానేయడం, గది దాటి రాకపోవడం, ఆన్‌లైన్‌లో ఎవరో బెదిరిస్తున్నారని తెలియడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ గైడ్ పక్కన పెట్టి ఈరోజే డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే ఒంటరిగా వదలకండి. బెదిరింపు అయితే మెసేజ్‌లు డిలీట్ చేయకుండా దాచి, పోలీసులకు చెప్పండి. ముందుగా మాత్రం "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అనండి. తిట్లు మొదలైతే మిగతా సగం కథ ఇక బయటకు రాదు.

## 2. సరంజామా

☐ చిన్న నోట్‌బుక్, పెన్ను (చిట్టా ఫోన్‌లో రాయిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు)
☐ మామూలు అలారం గడియారం. "అలారం కోసమే ఫోన్ పక్కన పెట్టుకుంటున్నా" అనే మాట ఎలాగూ వస్తుంది
☐ పడకగదుల బయట అందరి ఫోన్లకీ ఒకే చార్జింగ్ చోటు
☐ ఇంట్లో పెద్దవాళ్ళంతా ఒక్క మాట మీద ఉండటం
☐ మీ ఫోన్ వాడకం ఎంతో చెప్పే స్క్రీన్ టైమ్ అంకె

చివరి రెండిట్లోనే చాలా ఇళ్ళు జారిపోతాయి. అమ్మ వద్దంటే నాన్న ఇస్తే, పిల్లలు నేర్చుకునేది ఎవరిని ఎప్పుడు అడగాలో మాత్రమే. మీ అంకె విషయానికొస్తే, తగ్గించుకుని రమ్మనడం లేదు. దాచకుండా చూపించండి, అది చాలు.

పరీక్షలు నడుస్తున్న వారం, ఇల్లు మారిన వారం, పెద్ద గొడవ జరిగిన మర్నాడు ఇది మొదలుపెట్టొద్దు.

## 3. మొదటి మాట

ఎదురెదురుగా కూర్చోబెడితే అది విచారణలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, ఏదైనా పని కలిసి చేస్తున్నప్పుడో కదపండి. పది నిమిషాలకు మించొద్దు.

ఇలా అనొచ్చు: "నాన్నా, ఫోన్ గురించి మనం ఎప్పుడు మాట్లాడినా గొడవే అవుతోంది. ఈ రెండు వారాలు నేనేమీ తీసుకోను, తగ్గించమనను. అసలు ఏ టైమ్‌లో అది లేకుండా కష్టమనిపిస్తుందో ఇద్దరం చూద్దాం. నాదీ నేను రాస్తాను."

తర్వాత ఒక ప్రశ్న: "ఫోన్‌లో నీకు ఏది నచ్చుతుంది? అది లేకపోతే ఏం పోతుంది?" జవాబు వచ్చేదాకా ఊరుకోండి. 'కానీ' అని అందుకోకండి. "ఫ్రెండ్స్ అంతా అక్కడే ఉంటారు" అంటే అది సాకేమీ కాదు, చాలావరకు నిజమే.

"తెలీదు" అని భుజాలెగరేస్తే ఓడిపోయినట్టు కాదు. "సరే, తెలిస్తే చెప్పు" అని వదిలేసి, నోట్‌బుక్ చేతిలో పెట్టండి.

## 4. రెండు వారాల చిట్టా

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. రోజుకు మూడు సార్లు రాస్తే చాలు. ప్రతిసారీ రాయాలంటే రెండో రోజుకే నోట్‌బుక్ మంచం కిందకు పోతుంది. ఐదే విషయాలు రాయాలి: ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, మనసెలా ఉంది (0 నుంచి 10, అంకె పెరిగితే బాధ ఎక్కువ), ఎంతసేపు ఏం చూశారు, తర్వాత మనసెలా ఉంది.

పదిహేనేళ్ళ అమ్మాయి చిట్టా ఇలా ఉండొచ్చు:

- మంగళవారం సాయంత్రం 6:10. లెక్కల షీట్ తెరిచాను, రెండో లెక్కే రాలేదు. కడుపులో ఏదోలా అయింది, 7. వీడియోలు, 50 నిమిషాలు. చూస్తున్నప్పుడు 3. మళ్ళీ షీట్ గుర్తొచ్చాక 8.
- మంగళవారం రాత్రి 11:40. గ్రూప్‌లో నా మెసేజ్‌కి ఎవరూ రిప్లై ఇవ్వలేదు, 6. రెండు నిమిషాలకోసారి తెరిచి చూశాను, 1:15 దాకా. 8.
- బుధవారం 4:30. ఇంటికొచ్చాను, అలసటగా ఉంది, 4. గేమ్, 45 నిమిషాలు. 2. తర్వాత స్నానం చేశాను.

మొదటి ఎంట్రీ దగ్గర కాసేపు ఆగండి. 7 ఉన్న బాధ ఫోన్ తీయగానే 3 అయింది. చివరికి 8 అయింది. మెదడు మాత్రం ఆ 3నే గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకంటే ఉపశమనం వెంటనే వచ్చింది, ఆ 8 మాత్రం దాదాపు గంట గడిచాక వచ్చింది. మర్నాడు కడుపులో అలా అనిపించగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదకు వెళ్తుంది. బాధ తగ్గించిన పనే మళ్ళీ మళ్ళీ చేయాలనిపించడం మనస్తత్వ శాస్త్రంలో పాత విషయమే. ఆ అమ్మాయికి వీడియోల మీద అంత ప్రేమేమీ లేదు. రెండో లెక్కంటే భయం.

రెండో ఎంట్రీది వేరే కథ. రిప్లై ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే హాయి, రాకపోతే మళ్ళీ చూడాలి. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి కోసమే ప్రాణి ఎక్కువసేపు పట్టు వదలదని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాల్లో చూపించాడు. కిందకు లాగి రిఫ్రెష్ చేసే తెర కూడా అదే పని చేస్తుంది.

మూడో దానిలో తప్పేముంది? అలసిపోయి వచ్చింది, ఆడుకుంది, లేచింది. దాన్ని వదిలేయండి. చిట్టాలో ఇలాంటివి కనిపించినప్పుడు "ఇది బాగానే ఉంది" అని పైకే చెప్పండి. అక్కడి నుంచి పిల్లలు మిమ్మల్ని కొంచెం నమ్మడం మొదలుపెడతారు.

రాయనంటే? రాత్రి రెండు నిమిషాలు మీరడగండి, వాళ్ళు చెప్పిన అంకెలు మీరు రాయండి. అదీ కుదరకపోతే మీ చిట్టా మాత్రమే మీరు రాస్తూ, కనిపించేలా బల్ల మీద వదిలేయండి. "నీకు 9 ఎందుకొచ్చింది?" అని వాళ్ళే అడిగే రోజు రావచ్చు.

## 5. చిట్టా చదవడం

రెండు వారాల తర్వాత ఇద్దరూ కూర్చుని, 'ముందు ఏం జరిగింది' అన్నచోట ఒకేలా ఉన్నవాటికి ఒకే రంగు గీత గీయండి. ఎక్కువగా కనిపించేవి ఇవి:

- తప్పించుకోవడం. చదువు, చెప్పాల్సిన నిజం, చేయాల్సిన ఫోన్ కాల్. పనిని చిన్న ముక్కలు చేయడమే దీనికి మందు.
- ఒంటరితనం. ఇక్కడ ఫోన్ తగ్గిస్తే ఉన్న కాస్త తోడూ పోతుంది. ముందు వారానికి ఒకసారైనా మనుషుల్ని నేరుగా కలిసే ఏర్పాటు చేయండి, తర్వాతే తగ్గింపు.
- గొడవ తర్వాత. ఇంట్లో అరుపులు, స్కూల్లో అవమానం. దీనికి 6, 7 మెట్లు.
- నిద్ర పట్టక. టీనేజ్‌లో మెదడు నిద్ర సంకేతాన్ని ఆలస్యంగా ఇస్తుంది, అది బద్ధకం కాదు. నిద్ర తక్కువైన మర్నాడు చిరాకు ఎక్కువ, చిరాకు ఎక్కువైతే ఫోన్ ఎక్కువ.
- నిజంగానే ఏమీ తోచక. అన్నిటిలో తేలికైనది ఇదే.

ఎక్కువ గీతలు పడ్డ ఒక్కదాన్నే పట్టుకోండి. ఐదింటి మీదా ఒకేసారి పడితే ఏదీ కదలదు.

## 6. 'బోర్' మూత తీయడం

చిట్టాలో సగం చోట్ల 'బోర్' అనే ఉంటుంది. అది చాలాసార్లు మూత. కింద ఏముందో పేరు తెలియక పిల్లలు ఆ మూతే చూపిస్తారు. మన భాషలో దీనికి కావలసినన్ని మాటలున్నాయి, వాడకం తగ్గిందంతే. ఈ జాబితా కాగితం మీద రాసి చిట్టాలో అంటించండి:

విసుగు (చేసిందే చేస్తున్నా), చిరాకు (ఏదో గుచ్చుతోంది), ఉక్రోషం (కోపమొచ్చింది, ఏమీ అనలేకపోయా), బెంగ (ఎవరో కావాలి), దిగులు (ఎందుకో తెలియని బరువు), నామోషీ (నలుగురిలో చిన్నబోయా), బెరుకు (వెళ్ళాలి, కాళ్ళు రావు), కుళ్ళు (వాళ్ళకుంది, నాకు లేదు), వెలితి (అందరూ ఉన్నారు, అయినా ఏదో లేదు).

ఒక అబ్బాయి 'బోర్, 8' అని రాశాడనుకోండి. విసుగు 8 దాకా పోదు. జాబితా చూపించి "వీటిలో ఏది దగ్గర?" అంటే కాసేపు చూసి ఉక్రోషం మీద వేలు పెట్టొచ్చు. అప్పుడు గానీ మధ్యాహ్నం ఆటలో తనని పక్కన కూర్చోబెట్టిన సంగతి బయటకు రాదు.

పేరు పెట్టడం ఉత్త మాటల ఆట కాదు. 2007లో మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌తో చేసిన పరిశోధనలో, ఉద్వేగం కనిపించే ముఖాన్ని చూస్తూ ఆ ఉద్వేగానికి పేరు చెప్పినప్పుడు, మెదడులో గాబరా గంట మోగించే అమిగ్డలా చురుకుదనం తగ్గింది.

ఒక జాగ్రత్త. పేరు వాళ్ళే పెట్టాలి. "నీకు కుళ్ళుగా ఉంది కదూ" అని మీరంటే అది తిట్టే అవుతుంది.

## 7. పది నిమిషాలు దాటించడం

ఫోన్ కావాలనే తహతహ అలలా వస్తుంది, పెరుగుతుంది, దానంతటదే విరిగిపోతుంది. వ్యసనాల చికిత్సలో మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీన్ని అల మీద తేలడంతో పోల్చాడు. అణచక్కర్లేదు, లొంగక్కర్లేదు, పైన తేలుతూ దాటించాలి. మామూలు రోజున, మనసు బాగున్నప్పుడే సాధన చేయించండి. మునుగుతున్నప్పుడు ఈత నేర్పలేం.

1. ఫోన్ ఇంకో గదిలో పెట్టి గడియారం చూసుకోవాలి. "వద్దు" అనుకోవద్దు, "పది నిమిషాల తర్వాత" అనుకోవాలి.
2. లాగుడు ఒంట్లో ఎక్కడుందో వెతకాలి. వేళ్ళలోనా, ఛాతీలోనా, దవడలోనా?
3. 0 నుంచి 10లో అంకె ఇవ్వాలి.
4. ఊపిరి నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. వదలడం ఎక్కువసేపు ఉండాలి, అప్పుడే గుండె వేగం దిగుతుంది. రెండు నిమిషాలు.
5. మళ్ళీ అంకె. పెరిగితే పెరగనీ, అల ఇంకా లేస్తోందన్నమాట.
6. చేతులకు పని: మెట్లు ఎక్కి దిగడం, బంతి గోడకు కొట్టడం, బట్టలు మడతపెట్టడం.
7. పది నిమిషాలయ్యాక మూడో అంకె. ఇంకా కావాలంటే తీసుకోవచ్చు.

ఏడో దాంట్లో మోసం లేదు. నిజంగానే తీసుకోనివ్వండి. ఈ సాధన ఫోన్ ఆపడం కోసం కాదు, ఆ బాధను ఫోన్ లేకుండా పది నిమిషాలు భరించగలనని పిల్లలకు తెలియడం కోసం. మొదటి వారం చాలాసార్లు తీసుకుంటారు. తీసుకోనీయండి.

అంకె 8 దాటిన కోపం, ఏడుపు ఉంటే ఊపిరి లెక్కలు ఎక్కవు. చల్లటి నీళ్ళతో ముఖం తడపడం, తడిగుడ్డ కళ్ళ మీదా బుగ్గల మీదా అరనిమిషం అదమడం పనిచేస్తుంది. ముఖానికి చల్లదనం తగిలితే గుండె వేగం తగ్గే సహజ గుణం ఒంటికి ఉంది. గుండె జబ్బున్న పిల్లలకు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా చేయించొద్దు.

'అప్పుడు' వాక్యం. "ఇకనుంచి తక్కువ వాడతాను" అన్న మాట గాలికి పోతుంది. "ఫలానాది జరిగితే, అప్పుడు ఫలానాది చేస్తాను" అని ముందే అనుకున్నది ఎక్కువగా నిలుస్తుంది. మనస్తత్వవేత్త పీటర్ గాల్విట్జర్ పరిశోధనల సారం అదే. చిట్టాలో ఎక్కువ గీతలు పడ్డ ఒక్క సందర్భానికి ఒక్క వాక్యం రాయించండి.

ఎక్కడ అడ్డుకోవాలో ఎంచుకోవడానికి మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో చెప్పిన క్రమం పనికొస్తుంది. ఉద్వేగం పుట్టి పెరిగే దారిలో ఐదు చోట్ల మనం చెయ్యి పెట్టొచ్చు. మన లెక్కల షీట్‌కే అన్వయించి చూడండి. అలసిపోయిన వేళ కాకుండా వేరే వేళ కూర్చోవడం మొదటిది. ఫోన్ బయట పెట్టి, అక్కనో ఫ్రెండ్‌నో పక్కన కూర్చోబెట్టుకోవడం రెండోది. రాని లెక్క వదిలేసి వచ్చిన లెక్క మీద దృష్టి పెట్టడం మూడోది. "రాలేదంటే నేను మొద్దు" బదులు "ఈ పద్ధతి ఇంకా రాలేదు" అనుకోవడం నాలుగోది. అప్పటికే కడుపులో తిప్పుతుంటే ఊపిరి, చన్నీళ్ళు ఐదోది. పిల్లలకు మనం ఎక్కువగా చెప్పేది ఐదోదే, "కంట్రోల్ చేసుకో" అని. అన్నిటిలో కష్టమైంది అదే. మొదటి రెండు తేలిక.

కాబట్టి ఆ అమ్మాయి వాక్యం ఇలా ఉండొచ్చు: "లెక్క రాక కడుపులో తిప్పితే, అప్పుడు దాని పక్కన చుక్క పెట్టి తర్వాతి లెక్కకు వెళ్తా. మూడు చుక్కలు పడితే అన్నయ్యను పిలుస్తా." అన్నయ్యకు ముందే చెప్పి ఉంచండి, పిలిస్తే నవ్వొద్దని.

## 8. ఇప్పుడు తగ్గింపు, ఈ వరసలోనే

ఐదో వారం: రాత్రి. పడుకునే వేళకు గంట ముందు అందరి ఫోన్లూ బయటి చార్జింగ్ చోటుకు. మీవి కూడా. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. లేవాల్సిన టైమ్ నుంచి వెనక్కి లెక్కేసి పడుకునే వేళ తేల్చండి. ఒకేసారి రెండు గంటలు ముందుకు జరపొద్దు, రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరపండి. ఈ ఒక్క మార్పుతోనే పగటి చిరాకు దిగిన ఇళ్ళు చాలా చూశాను.

ఆరో వారం: నోటిఫికేషన్లు. మనుషులు నేరుగా పంపే మెసేజ్‌లు ఉంచి మిగతావన్నీ ఆపేయాలి. ఆటోప్లే ఆఫ్. ఎక్కువ లాగే యాప్‌ను మొదటి స్క్రీన్ మీంచి తీసేయాలి. పిల్లల చేతే చేయించండి, మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

ఏడు, ఎనిమిది వారాలు: ఒక్క యాప్, ఒక్క వేళ. చిట్టాలో 'తర్వాత' అంకె ఎక్కువసార్లు పెరిగిన యాప్ ఏదో చూడండి. ఎక్కువసేపు వాడేదే కానక్కర్లేదు. దానికి ఎప్పుడు, ఎంతసేపు అనేది వాళ్ళ నోటితోనే చెప్పించండి. అడిగింది మీకు ఎక్కువనిపించినా మొదటి వారం ఒప్పుకోండి.

తగ్గించిన చోట ఖాళీ మిగల్చొద్దు. ఆ వేళకు కాళ్ళూ చేతులూ కదిలే పనో, మనుషులతో ఉండే పనో ముందే పెట్టి ఉండాలి. పుస్తకం చదవమంటే ఆ వేళప్పుడు ఎవరూ చదవరు.

ఇంకొకటి, ముందే తెలిస్తే భయపడరు. అలవాటైన ఉపశమనం ఆగగానే గోల తగ్గడానికి ముందు పెరగొచ్చు. అరుపులు, అలకలు, "అందరిళ్ళల్లో ఇస్తున్నారు" అన్నీ మొదటి వారంలో ఎక్కువ కావొచ్చు. సరిగ్గా ఆ రోజున విసిగిపోయి ఫోన్ ఇచ్చేస్తే, ఎంత గట్టిగా అరిస్తే దొరుకుతుందో నేర్పినట్టవుతుంది. ఆ గోల మీద నిలబడలేనంత పెద్ద నియమం అసలు పెట్టొద్దు.

## 9. గొడవ లేచిన నిమిషం

దీనిలో నా అనుభవం బాగోలేదు. ఒకరాత్రి మూడుసార్లు పిలిచి, కోపంతో రౌటర్ ప్లగ్ పీకేశాను. మా అబ్బాయి అప్పుడు మరో ముగ్గురితో కలిసి మ్యాచ్ చివర్లో ఉన్నాడు. వాడి వల్లే టీమ్ ఓడిందని మిగతా ముగ్గురూ మర్నాడంతా ఆడిపోసుకున్నారట. నాకది ప్లగ్, వాడికది నలుగురిలో నామోషీ. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు తెలిసింది, ఆ మూడు రాత్రులూ వాళ్ళక్క ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడాడని.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది:

☐ గుమ్మంలోంచి అరవకుండా పక్కకు వెళ్ళి తెర చూడాలి
☐ "ఎంతలో అయిపోతుంది?" అని అడగాలి. మ్యాచ్ అయితే మ్యాచ్ చివర, వీడియో అయితే వీడియో చివర
☐ చెప్పిన వేళకు వచ్చి పక్కనే నిలబడాలి, మాట్లాడకుండా
☐ ఆపితే "థాంక్స్ రా". అంతే, "రోజూ ఇలా ఉంటే ఎంత బాగుండు" అని అతికించొద్దు
☐ ఆపకపోతే ఫోన్ కోసం పెనుగులాడొద్దు. "రేపు పొద్దున మాట్లాడదాం" అని చెప్పి, నిజంగా పొద్దున మాట్లాడాలి

వస్తువులు విసరడం, చెయ్యి చేసుకోవడం దాకా వస్తే మాటలు ఆపి దూరం జరగండి, చిన్నపిల్లలుంటే వేరే గదికి తీసుకెళ్ళండి. అది మళ్ళీ జరిగితే 11వ మెట్టు చూడండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

దొంగచాటుగా ఫోన్ చూడటం. దొరికిపోతే చిట్టాలో నిజం రాయడం ఆ రోజుతో సరి. భద్రత కోసం చూడక తప్పదనుకుంటే, ఏం చూస్తారో ఎప్పుడు చూస్తారో ముందే చెప్పి చూడండి.

చిట్టాను సాక్ష్యంగా వాడటం. "నువ్వే రాశావుగా, ఒంటిగంట దాకా చూశానని!" ఈ ఒక్క మాటతో రెండు వారాల పని పోతుంది. నోరు జారితే అదే రోజు "అలా అనకుండా ఉండాల్సింది" అని ఒప్పుకోండి.

ఫోన్‌నే బహుమతిగా, ఫోన్‌నే శిక్షగా పెట్టడం. మార్కులొస్తే రెండు గంటలు, రాకపోతే సున్నా. ఇలా చేస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది. చదువు లెక్కలు చదువుతోనే తేల్చుకోండి.

పూర్తి నిషేధం. రోజూ పని కోసం, చదువు కోసం మళ్ళీ తాకక తప్పని వస్తువు ఇది. నెల నిషేధం తర్వాత ఫోన్ మళ్ళీ చేతికొస్తుంది, లెక్క రాకపోతే ఏం చేయాలో మాత్రం ఇంకా తెలియదు.

మంచి రోజున చెప్పకపోవడం. దీనికి సవరణ చిన్నదే, జరిగింది జరిగినట్టు చెప్పడం. "ఇవాళ పది నిమిషాలు ఆగి చూశావు."

## 11. సాయం కోసం ఎప్పుడు వెళ్ళాలి

ఎనిమిది వారాలు నిజాయితీగా చేసినా నిద్ర, చదువు, మనుషులతో మెలగడం మెరుగుపడకపోతే వెళ్ళండి. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, మనుషుల్లోకి రావాలంటే వణుకైతే, చిన్నప్పటి నుంచీ ధ్యాస కుదరకపోతే ఎనిమిది వారాలు ఆగక్కర్లేదు. డిప్రెషన్, సోషల్ యాంగ్జయిటీ (మనుషుల్లోకి రావాలంటే భయం), ఏడీహెచ్‌డీ (ధ్యాస కుదరని సమస్య) ఉన్న పిల్లల్లో ఆపలేని వాడకం ఎక్కువగా కనిపిస్తుంది. లోపలిది తగ్గకుండా పైది తగ్గడం కష్టం.

పిల్లల మానసిక వైద్యులో, క్లినికల్ సైకాలజిస్టో చూడాలి. చిట్టా వెంట తీసుకెళ్ళండి, పిల్లల అనుమతితోనే. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పేది), కుటుంబమంతా కూర్చునే థెరపీ గురించి అడగండి. రోజూ పొద్దున్నే లేపి పరుగులు పెట్టించి, భయపెట్టి మాన్పిస్తామనే శిబిరాల జోలికి పోవద్దు.

## 12. ఎనిమిది వారాల తర్వాత

వారానికొకసారి పావుగంట, ఇద్దరి నోట్‌బుక్కులతో. మూడే ప్రశ్నలు:

☐ ఈ వారం తహతహ దాటిన సందర్భం ఏది? అప్పుడేం చేశావు?
☐ జారిన సందర్భం ఏది? దానికి ముందు ఏం జరిగింది?
☐ 'అప్పుడు' వాక్యంలో ఏదైనా మార్చాలా?

జారుతారు. సెలవుల్లో, పరీక్షల తర్వాత, స్నేహితులతో చెడినప్పుడు తప్పకుండా జారుతారు. అప్పుడు మొదటి మెట్టుకు వెళ్ళక్కర్లేదు. మూడు రోజులు చిట్టా రాసి, కొత్తగా వచ్చి చేరిన బాధ ఏదో చూసి, దానికో కొత్త వాక్యం రాయించండి. ఆ మూడు ప్రశ్నలూ మిమ్మల్ని వాళ్ళనే అడగనివ్వండి, మీరు జారిన రాత్రుల గురించి కూడా.